ముల్లు

మే 5
బీటిల్, 1972 మోడల్. కంపెనీ ఇచ్చింది స్పీడోమీటర్, అందులోనే పెట్రోల్ ముల్లు, ఆయిల్ ప్రెషర్‌కి ఒక లైటు. 1961 దాకా ఆ పెట్రోల్ ముల్లు కూడా లేదు. ఆయిల్ టెంపరేచర్ మీటర్ వెనకటి ఓనర్‌గారు పెట్టించుకున్నది. వీడీవో. 50 నుంచి 150 డిగ్రీలు. 120 దాటితే బండి ఆపి, చెట్టు చూసుకుని కూర్చునేవారట. బండితో పాటు మడత కుర్చీ కూడా ఇచ్చారు.

మే 6
రేడియేటర్ లేదు. ఫ్యాను గాలి, రెండున్నర లీటర్ల ఆయిల్. అంతే.
బేగంపేట ఫ్లైఓవర్ మీద 125. సిగ్నల్ దగ్గర 130.
స్కూటర్ కుర్రాడు: "అంకుల్, వెనక ఏదో మోత."
ఇంజనే, బాబూ.

మే 9
ఆయిల్ వేడి పసిగట్టి మీటర్‌కి చెప్పేది సెండర్. మెకానిక్ దాని వైరు పీకాడు. ముల్లు కిందికి పడింది. అదే వైరు బాడీకి ఆనించాడు. 150 దాటి కొట్టుకుంది.
"మీటర్ బతికే ఉంది సాబ్."
నిజం చెబుతోందా అని అడిగాను. చాయ్ తెప్పించాడు.

మే 11
హెడ్‌లైట్లు వేస్తే ముల్లు లేస్తోంది. మీటర్ ఎర్త్ తుప్పు పట్టింది. గీకి బిగించాను. లైట్లు వేసినా ఇప్పుడు కదలదు. 125 దగ్గరే, నిలకడగా.

మే 12
ఆయిల్ దించి సెండర్ విప్పాను. పాలగిన్నె ఇవ్వనంది అమ్మ. సొట్టలు పడ్డ సత్తుగిన్నె దొరికింది.
ముందు థర్మామీటర్‌కి పరీక్ష. ఐసు నీళ్లలో 0. మరిగే నీళ్లలో 98.
విజయవాడ నుంచి బావమరిది: "నీళ్లు 100కి కదా మరిగేది బావా?"
వాళ్ల ఊళ్లో. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన.

మే 13
మీటర్ ఊడదీసి వంటింటికి తెచ్చాను. బ్యాటరీ కూడా. సెండర్‌కి ఎర్త్ వైరు చుట్టి, నీళ్లలో వేలాడదీశాను. గిన్నె అడుగు తగలనివ్వకూడదు. అడుగు నీళ్లకన్నా వేడి.
వేడెక్కే కొద్దీ ఓమ్స్ తగ్గాలి. తగ్గాయి. 98 దగ్గర 41. మీటర్‌కి కలిపితే ముల్లు 120కి కాస్త కింద.
అమ్మ: "అరిసెల పాకానికి ఇన్ని వైర్లు అక్కర్లేదురా."

మే 14
సెండర్ మీది మసి తుడిచాను. సన్నటి అంకెలు: 120. మీటర్ 150ది. దాని జత సెండర్ అయితే 98 దగ్గర 60 ఓమ్స్ పైనే ఉండాలి.
సెండర్ బాగానే ఉంది. మీటరూ బాగానే ఉంది.

మే 18
150 సెండర్ వచ్చింది. మెకానిక్ టెఫ్లాన్ టేప్ తీశాడు. వద్దన్నాను. ఒకటే వైరు, ఎర్త్ మరల్లోంచే. టేప్ అడ్డుపడితే ముల్లు తక్కువ చూపిస్తుంది.
"తక్కువే కదా సాబ్ మీకు కావాల్సింది?"

మే 19
అదే ఫ్లైఓవర్. 105. సిగ్నల్ దగ్గర 110.
వెనకటి ఓనర్‌గారికి ఫోన్ చేశాను. "మీటర్ పాడైనట్టుంది, చూపించుకోండి" అన్నారు.

మే 21
షెడ్డులో ఎవరిదో పద్మిని కారు. ఓనర్ దిగులుగా ఉన్నాడు. వేడెక్కుతోందట.
"ఈ సాబ్ బండి చూడండి. 20 డిగ్రీలు తగ్గించాను" అన్నాడు మెకానిక్.
ఇద్దరూ నా వైపు చూశారు. తలూపాను.
అడ్వాన్స్ ఇచ్చి వెళ్లాడు.