ఆటోనగరమున ఒక దినము

విజయవాడకుఁ బోవు మనవారు కనకదుర్గమ్మ దర్శనము చేసికొని, 1957లో ముగిసిన ప్రకాశము బారేజిపై నిలిచి కృష్ణవేణిని కన్నులారఁ జూచి మరలివత్తురు. పటమటకు ఆవల, బందరు త్రోవకుఁ జేరువనున్న ఆటోనగరమును చూడఁబోవు స్త్రీ లరుదు. చెన్నపట్టణమునుండి కలకత్తాకుఁ బోవు రహదారియు, మచిలీపట్నమునుండి హైదరాబాదు మీదుగా పూనాకుఁ బోవు రహదారియు ఈ పట్టణమునఁ గలియుటచే నిచట లారీల వ్యాపారము పెరిగినది. ఆ లారీలకు పుట్టినిల్లు, వైద్యశాలయు ఈ ఆటోనగరమే.

మావారు ఉపాధ్యాయులుగానున్న పాఠశాలకు మహీంద్రావారి యెఫ్.సి. రకపు పాతవ్యాను కలదు. అది నాకంటెఁ బెద్దది. బస్సు లేని పల్లెలనుండి పదునెనిమిదిమంది బాలికలు దానిలోనే బడికి వత్తురు. మొన్న మాఘమాసమున నది వెనుక నెడమవైపునకు క్రుంగిపోయినది. పాతయినుమునకు అమ్మివేయుట మేలని పెద్దలు కొందఱనిరి. ఒక బాలిక తల్లి మాత్రము నాయొద్దకు వచ్చి, “వ్యాను లేకపోతే పిల్లని మాన్పించాల్సిందేనమ్మా. ఉన్నా, అది గట్టిదని మీరు చూసి చెబితేగాని ఎక్కించను” అన్నది. పరీక్షలు నెలదినములలో నున్నవి. కావున నేనును మావారితోఁ బయలుదేఱితిని.

ఆటోనగరమున వీధి వీధికి వేఱు వేఱు నాదము. ఒకచోట లారీలకు కొయ్యతొట్లు బిగించుచుందురు. ఒకచోట రంగులవాడు తలుపుపైఁ దామరపూవు దిద్దుచుండును. వేఱొకచోట కమానుపట్టీలపై సమ్మెట మ్రోగుచుండును. మాకుఁ గావలసిన దీ కడపటి వీధియే.

కమానన పారసీకమున ధనుస్సు. విల్లువలె వంగిన ఉక్కుపట్టీలను, పొడుగుదానిక్రింద పొట్టిదానిని, ఒకదానిపై నొకటి చేర్చి నడుమ బోల్టు బిగించినది కమానుకట్ట. బండి గోతిలోఁ బడినపుడు ఈ విల్లు వంగి యదరును తాను మ్రింగును. ఇట్టి కమానులతో గుఱ్ఱపుబండ్లను మెత్తఁజేయు విధానమునకు 19వ శతాబ్దపు తొలి యేండ్లలో ఒబదియా ఎలియట్ అను నాంగ్లేయుఁడు హక్కుపత్రము పొందెను.

మేస్త్రీ ముందుచక్రములకు దిమ్మెలు పెట్టి, వెనుకభాగమును జాకీతో నెత్తి, చట్రముక్రింద కొయ్యదుంగలు చేర్చెను. జాకీని మాత్రమే నమ్మి యెవ్వరును బండిక్రిందికి దూఱరాదఁట. ఇరుసును కమానును కలిపి పట్టియుంచు యూబోల్టులను విప్పి కట్టను దింపఁగా, మూఁడవపట్టీ నడిమి రంధ్రమువద్ద రెండై యుండెను. రంధ్రమున్నచోట ఉక్కునకు బలము తక్కువ. యూబోల్టులు వదులైనచో ఆ భారమంతయు నచటనే పడును.

“అతుకు వేయరాదా?” అని యడిగితిని.

“వద్దమ్మా! వెల్డింగు వేడికి ఉక్కు గుణం పోతుంది. ఇవాళ నిలబడుతుంది, రేపు పిల్లలున్నప్పుడు విరుగుతుంది. కొత్త పట్టీయే వెయ్యాలి” అని యతఁడనెను.

ఉక్కును ఎఱ్ఱగాఁ గాల్చి నూనెలో ముంచిన నది గట్టిపడును. కాని గాజువలెఁ బెళుసగును. మరల మితముగా వేఁడిచేసిననే సాగుగుణము వచ్చును. ముదురుపాకమునకును లేఁతపాకమునకును నడుమ ఉండపాకమును గుఱుతించు మనకీ మర్మము సులభముగాఁ దెలియును.

అతఁడు పట్టీలన్నిటి త్రుప్పు గీఁకి, నడుమ గ్రాఫైటుకందెన పూసెను. క్రుంగినవానిని సమ్మెటతోఁ గొట్టి వంపు తెచ్చెను. కుడివైపు కట్టను గూడ విప్పి యట్లే చేసెను. ఒకవైపే యెత్తిన బండి యొరుగును. అరిగిన బుష్షులను మార్చెను. యూబోల్టులు సాగిపోవునని పాతవానిని వాడక క్రొత్తవి వేసెను. బండిని నేలకు దింపి, భారము చక్రములపైఁ బడినపిదపనే షాకిళ్లను తుదిబిగువు బిగించెను. ప్రొద్దుగ్రుంకువేళకుఁ బని ముగిసినది.

“కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూబోల్టులు మళ్లీ బిగించుకోండి. పిల్లల్ని మాత్రం ఒక్కసారే కుక్కొద్దు” అని యతఁడు హెచ్చరించెను. ఆ మాటను నేను తల్లులకును, పాఠశాల పెద్దలకును చెప్పితిని. ఇప్పుడు డ్రైవరు గంట ముందు లేచి రెండు విడతలుగాఁ దెచ్చుచున్నాఁడు. నన్నడిగిన తల్లి యాసాయంకాలము బండివెనుక నిలిచి తానే చూచుకొని, మఱునాఁడు బిడ్డను పంపినది.

మీ బిడ్డలెక్కు బండిని మీరును వెనుకనుండి చూడుఁడు. రెండువైపులు సమముగానున్నవా? గతుకులలో లోహము లోహమునకుఁ దగిలిన చప్పుడు వచ్చుచున్నదా? యూబోల్టులు బిగించి యెన్నినాళ్లయినది? ఈ మూఁడు ప్రశ్నలడుగుటకు యంత్రశాస్త్రము చదువనక్కఱలేదు, తల్లియైనఁ జాలును.