అయ్య తవ్విన గొయ్యి

 

ఈసారి గోడపత్రికకు 'నేలలు' అనే పాఠం మీద వ్యాసం రాయమని సైన్సు మాష్టారు నాతో అన్నారు. పుస్తకం చూచి రాస్తే మీరు రెండు లైన్లు చదివి అన్నం బెల్లుకు పరుగెత్తుతారని నాకు తెలుసు. అందుకని సంక్రాంతి సెలవుల్లో మా చేలో జరిగిన సంగతి రాయుచున్నాను. పాఠం అందులోనే ఉంది.

మాది పోలవరానికి పైన గోదావరి ఒడ్డు ఊరు. ముంపులో పోయింది. మాకు జంగారెడ్డిగూడెం వైపు మెట్టలో కాలనీ ఇల్లు, భూమికి భూమి వచ్చాయి. పాత ఊళ్ళో వరద తీసిన తర్వాత అయ్య ఒడ్డున మొక్కజొన్న, మినుములు వేసేవాడు. ఎరువు అన్న మాటే లేదు. కొత్త చేలో కూడా అట్లాగే మొక్కజొన్న వేశాడు. మోకాలెత్తు వచ్చి పసుపు తిరిగింది. పది రోజులు వాన లేకపోయేసరికి వాడిపోయింది. రెండో ఏడు అప్పు తెచ్చి యూరియా చల్లాడు. అప్పు మిగిలింది. ఈ సంక్రాంతికి నేను ఇంటికి వెళ్ళేసరికి "ఇది చచ్చిన నేలరా. ఎవరికన్నా కౌలుకిచ్చేసి రాజమండ్రి కూలికి పోదాం" అంటున్నాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. పోదాం అంటే అందులో నేనూ ఉన్నానా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

నేలను పైన చూస్తే తెలియదు, గొయ్యి తవ్వి పక్కనుంచి చూడాలి అని మాష్టారు చెప్పిన మాట గుర్తొచ్చి అయ్యతో అన్నాను. "భూమిని చూడ్డానికి గొయ్యెందుకు, కాళ్ళ కిందే ఉంది కదా" అని నవ్వాడు. నవ్వినా గునపం, పార తీసుకున్నాడు. ఛాతీలోతు తవ్వాం. తవ్వాం అంటే అయ్య తవ్వాడు. నేను తోడింది రెండు గంపలు.

గొయ్యి గోడ మీద పొరలు కనబడ్డాయి. పైన జానెడు మందం ఇసుక కలిసిన లేత ఎర్రమట్టి, అందులో గడ్డి వేళ్ళు. దాని కింద ముదురు ఎరుపు, పిసికితే వేళ్ళకు అంటుకుంటోంది. ఇంకా కింద గరప, చిన్న చిన్న రాళ్ళు. అడుగున రాయి ఉంది గానీ గునపంతో పొడిస్తే పిండిలాగా రాలుతోంది. అయ్య దాన్ని చేతిలో నలిపి "పుచ్చిపోయిన రాయి" అన్నాడు. పుస్తకంలో దీన్నే శైథిల్యం చెందిన మాతృశిల అన్నారు. అయ్య మాటే నాకు బాగుంది.

నేల పుట్టేది ఇట్లాగే. ఎండకు రాయి ఉబ్బుతుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది, పగుళ్ళిస్తుంది. పగులులోకి వాననీరు దిగుతుంది, వేరు దిగుతుంది. నీరు రాతిలో కొన్ని లవణాలను కరిగించి తీసుకుపోతుంది. ఇనుము మిగిలి తుప్పు పడుతుంది. ఎర్రనేల ఎరుపు ఆ తుప్పే. ఆకులు, చచ్చిన పురుగులు కుళ్ళి హ్యూమస్ అవుతాయి. పైపొరలోని సన్నని బంకమట్టిని వాననీరు కిందికి దించుతుంది. అందుకే పైన ఇసుక, కింద జిగట. ఈ పొరలకు శాస్త్రజ్ఞులు ఎ, బి, సి అని పేర్లు పెట్టారు. అంగుళం నేల తయారు కావడానికి వందల ఏళ్ళు పడుతుంది. కొట్టుకుపోవడానికి ఒక్క జడివాన చాలు.

హాన్స్ జెన్నీ అనే శాస్త్రజ్ఞుడు 1941లో ఒక పుస్తకం రాసి, ఏ నేలయినా ఐదింటి వల్ల తయారవుతుందని చెప్పాడు. రాయి, వాతావరణం, జీవులు, ఏటవాలు, కాలం. పరీక్ష కోసం ఈ ఐదూ నేను బట్టీ పట్టినవే. ఏటవాలు ఎందుకో మాత్రం గోతి దగ్గరే అర్థమైంది. మేము తవ్వింది చేను పై మూల. సాయంత్రం అయ్య తనే వెళ్ళి కింది మూలలో ఇంకో గొయ్యి తవ్వాడు. అక్కడ గరప తగలడానికి నడుములోతు దిగాల్సి వచ్చింది. మట్టి మెత్తగా, నల్ల ఛాయలో ఉంది. అడుగున చెమ్మ కూడా ఉంది! అయ్య గొయ్యిలోనే కూర్చుని బీడీ ముట్టించి "పై మూల మట్టంతా ఇక్కడికి దిగివచ్చిందిరా" అన్నాడు. ఎన్ని వానలకు దిగిందో మరి.

ఇక్కడ డెల్టా సంగతి చెప్పాలి. మొన్న ఆగస్టులో మన బడి వాళ్ళం ధవళేశ్వరం వెళ్ళాం కదా. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిందని అందరం రాసుకున్నాం. ఎర్రగా మడ్డిగా పోతున్న నీళ్ళను మాత్రం ఫొటో తీయించుకోవడానికే చూశాం. ఆ మడ్డిలో ఎవరెవరి కొండలున్నాయో! గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు పారుతుంది. ముందు మహారాష్ట్ర నల్లరాతి నేలల మీద నడుస్తుంది. తర్వాత శబరి కలుస్తుంది. పాపికొండల్లో మన కొండవాగులన్నీ కలుస్తాయి. పాపికొండల రాయి పేరు ఖోండలైట్. వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1902లో ఖోండుల పేరు మీద పెట్టిన పేరది. ఖోండులంటే మన వంటి కొండజాతి వారే. ఒక రాయికి మనవాళ్ళ పేరుందని ఏ మాష్టారూ మనకు పరీక్షలో ఇవ్వలేదు.

ఆ మట్టంతా నది పరుగు తగ్గిన చోట దిగుతుంది. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య కోనసీమ అట్లా ఏర్పడిందే. మా చేను పై మూలకు కింది మూల ఎట్లాగో, మొత్తం గోదావరికి కోనసీమ అట్లాగ. మా పాత ఊరి ఒడ్డుకు కూడా ఏటేటా వరద కొత్త మట్టి తెచ్చి వేసేది. ఎరువు లేకుండా మినుములు పండినది అయ్య చేతి గొప్ప అనుకునేవాడిని. (ఈ మాట అయ్యతో చెప్పకండి.) కొత్త చేనుకు ఏ నదీ రాదు. అక్కడ ఆకూ పేడా మనమే వేయాలి. ఇప్పుడు నది మీద ఆనకట్టలు పెరిగి మట్టి వాటి వెనకే ఆగిపోతోంది గనుక డెల్టాకు చేరే ఒండ్రు కూడా బాగా తగ్గిందట.

ఇక వర్గీకరణ. లెదర్ అనే ఆయన 1898లో మన దేశపు నేలలను నాలుగు రకాలు చేశాడు. ఒండ్రు, నల్లరేగడి, ఎర్ర నేల, లాటరైట్. ఇంగ్లీషు పుస్తకాల్లో రేగూర్ అని ఉంటుంది, అది మన రేగడే. ఇప్పుడు ప్రపంచంలో చాలా చోట్ల వాడేది అమెరికా వాళ్ళు 1975లో అచ్చువేసిన పద్ధతి. అందులో ఇప్పుడు 12 తరగతులు ఉన్నాయి. పొరలు ఏర్పడడానికి ఇంకా వ్యవధి లేని కొత్త మట్టి ఎంటిసాల్. లంకలు అదే. ఎండకు బీటలు తీసి, పైమట్టి ఆ బీటల్లో పడి, వానకు ఉబ్బి తనను తానే తిరగేసుకునే నల్లరేగడి వర్టిసాల్. బంకమట్టి కింది పొరకు దిగిన మా చేను వంటి ఎర్రనేల ఆల్ఫిసాల్. ఈ పేర్లు చెబితే అయ్య "పేరు తర్వాత, ఏం పండుద్దో చెప్పు" అన్నాడు. నిజానికి వర్గీకరణ దానికోసమే గానీ ఆ సంగతి మన పాఠంలో ఎక్కడా లేదు.

ఏం పండుతుందో నేను చెప్పలేదు, అయ్యే చెప్పాడు. పై మూల కంది, ఉలవ, గట్టు వెంబడి జీడిమామిడి. కింది మూల కూరపాదులు, వాన బాగుంటే వరి. నడుమ వాలుకు అడ్డంగా గట్టు. ఆ గట్టు మేము ముగ్గురం నాలుగు రోజులు వేశాం. గొయ్యి మట్టి కూడా దానికే పోశాం. కౌలు మాట ఈ వానాకాలం దాకా వాయిదా. తర్వాత సంగతి అయ్య చెప్పలేదు, నేను అడగలేదు.

భూసార పరీక్షకు కూడా మట్టి తీశాం. చేలో ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో జానెడు లోతు తవ్వి, పక్క నుంచి మట్టి గీసి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ చివరకు అరకిలో ఉంచాలి. చెట్టు కింద, పేడదిబ్బ దగ్గర తీయకూడదు. ఫలితం ఇంకా రాలేదు.

మా గది కిటికీలో ఉన్న సీసాలు నావే. మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు పోసి బాగా ఊపి ఉంచాను. ఇసుక నిమిషంలో అడుగుకు దిగుతుంది. ఒండు గంటల్లో దిగుతుంది. బంకమట్టికి రోజులు పడుతుంది, దాని రేణువు మిల్లీమీటరులో ఐదు వందల వంతు కన్నా చిన్నది. ఒకటి మా చేను పై మూల, ఒకటి కింది మూల. మూడోది మాష్టారు దసరాకు కోనసీమలో వాళ్ళ ఊరికి వెళ్ళి తెచ్చిన లంక మట్టి. నాలుగో సీసా మా పాత ఊరికని పెట్టాను. ఊరు ఖాళీ చేసిన నాడు అమ్మ ముత్యాలమ్మ గద్దె దగ్గరి మట్టి గుడ్డలో మూటగట్టి తెచ్చింది. అందులో గుప్పెడు అడిగితే "అమ్మోరి మట్టిని సీసాలో వేసి ఊపుతావా" అని తిట్టింది. అందుకని అది ఖాళీగానే ఉంది. వారానికి గది ఊడ్చే వంతు వారు దయచేసి వాటిని కదపవద్దు. ఖాళీ సీసా కూడా తీయవద్దు, వేసవి సెలవుల్లో అమ్మను ఇంకోసారి అడుగుతాను.