జామకాయా? చిప్స్ పొట్లమా?

సాయంత్రం బడి గంట కొట్టేసరికి నాచారం వీధుల్లో స్కూలు ఆటోలు బారులు తీరతాయి. ఒకపక్క చిప్స్ పొట్లాలు వేలాడే కొట్టు, మరోపక్క ఉప్పూకారం చల్లిన జామకాయల బండి. బుజ్జిగాడి చేతిలోని పది రూపాయలు ఎటు వెళ్తాయన్నదే అమ్మ బెంగ.

దేశం ఏం తినాలో చెప్పే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది పక్కనే, తార్నాకలో! 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 2024లో అది ఇచ్చిన లెక్క ప్రకారం 2000 కేలరీల రోజువారీ ఆహారంలో కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలి. పిల్లల వయసును బట్టి కొలత మారినా, పళ్లెంలో దాదాపు సగం ఇవే కావాలి.

ఖరీదైన ఆపిలే అక్కర్లేదు. కమలాపండుతో పోలిస్తే జామకాయలో విటమిన్ సి నాలుగు రెట్లకు పైనే.

మరి కూరల సంగతి? 'తిను తిను' అని వెంటపడితే పళ్లెం పక్కకు జరుగుతుంది. ఉప్పల్‌లో తోపుడుబండి దగ్గరికి సంచీ ఇచ్చి వెంట తీసుకెళ్లండి. బెండకాయ కొస విరిచి లేతదో ముదురో చూడమనండి. ఇంటికొచ్చాక గోంగూర ఆకులు కోయించండి. తానే ఏరి తెచ్చిన కూరను ఒక్క ముద్దయినా రుచి చూడకుండా ఉంటాడా? కాకరకాయ సంగతి మాత్రం తర్వాత చూసుకోవచ్చు!