ప్లేటు వెనుక వైపు

గ్రామఫోను ప్లేటునకు రెండు వైపులు కలవు. ముందు వైపు పాటను లోకమెల్ల వినును. వెనుక వైపు పాటను ప్లేటు కొన్నవాడు, అదియు తీరిక కలిగినప్పుడు, వినును. ఈ చిన్న సంగతిలో ఉపాధ్యాయులమగు మాకొక పాఠమున్నదని నలుబది యేండ్లు దాటిన పిమ్మటగాని మేము తెలిసికొనజాలమైతిమి.

గత వేసవి సెలవులలో మా పాఠశాల సంగీతపు గదిని శుభ్రపరచుచుండగా, పాత హార్మోనియము వెనుక ఒక అట్టపెట్టె కనబడెను. అందు ఏడంగుళముల ప్లేట్లు పండ్రెండు ఉండెను. అన్నియు బీటిల్సు అను ఆంగ్ల బృందమువారివే. వానినెవరు విడిచిపోయిరో చెప్పగలవారు లేరు. సహోపాధ్యాయులొకరు తమ యింటనున్న యంత్రమును తెచ్చియిచ్చిరి. ఆ సెలవులన్నియు మేము పాటలు వినుటయందును, వాని చరిత్ర చదువుటయందును గడపితిమి.

ఇట్టి చిన్న ప్లేట్లను సింగిళ్లందురు. ఇవి నిమిషమునకు 45 చుట్లు తిరుగును. వైపునకొక పాట, పాటకు సుమారు మూడు నిమిషములు. మన దేశమున పాత యంత్రములు గల యిండ్లు పెక్కుండుటచేత, బీటిల్సువారి పాటలు కొన్ని 78 చుట్ల ప్లేట్లమీద కూడ అచ్చయ్యెను. లివర్‌పూలు పట్టణపు యువకులగు జాన్ లెన్నన్, పాల్ మెకార్ట్నీ, జార్జి హారిసన్, రింగో స్టార్ అను నలుగురు 1962 మొదలు 1970 వరకు బ్రిటనులో ఇట్టి సింగిళ్లను 22 వెలువరించిరి.

మొదటి ప్లేటు కథయే ఉపాధ్యాయులు వినదగినది. రికార్డు నిర్మాతయగు జార్జి మార్టిన్ 1962 సెప్టెంబరులో, వేరొకరు కట్టిన ‘హౌ డు యు డు ఇట్’ అను పాటను వారిచేత పాడించెను. వారు పాడిరి గాని, తమ పాటనే వెలువరింపుమని వేడుకొనిరి. మార్టిన్ సంగీత విద్యాలయమున చదివినవాడు. వారో స్వరలిపి చదువనేరనివారు. అయినను ఆయన వారి మాట మన్నించెను. అక్టోబరు 5వ తేదీని వెలువడిన ‘లవ్ మి డు’ 17వ స్థానమును మించి పోజాలదయ్యెను. ఆయన విసుగుకొనలేదు. తరువాతి పాటయగు ‘ప్లీజ్ ప్లీజ్ మి’ మందగతిని నడచుచుండగా, వేగము పెంచుడని దిద్దెను. 1963 జనవరిలో అది వెలువడి వారికి గొప్ప పేరు తెచ్చెను. మార్టిన్ తొలుత నిచ్చిన పాటయు చెడ్డది కాదు. అదే సంవత్సరము మరియొక బృందము దానిని పాడి ప్రథమ స్థానమందెను. గురువు తెలివియు నిజమే, శిష్యులలోని శక్తియు నిజమే.

అటుపిమ్మట వారి కీర్తి సముద్రములు దాటెను. 1964 ఏప్రిల్ 4వ తేదీని అమెరికాలోని ప్రధాన పట్టికలో మొదటి అయిదు స్థానములును వారివే. 1965 డిసెంబరునాటి ప్లేటుకు ఏ పాట ముందుండవలెనను తగవు తీరక, రెండు వైపులును ముందువేయని ప్రకటించిరి. ఇంతటివారికి నోటమి లేకపోలేదు. 1967లో ‘పెన్నీ లేన్’, ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ గల ప్లేటు బ్రిటనులో రెండవ స్థానముననే నిలిచెను. దానికి ముందు నిలిచిన గాయకుడు ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్; ఆయన 1936లో మన మదరాసు నగరమున జన్మించినవాడు!

అయితే మా మనస్సును పట్టినవాడు హారిసన్. నలుగురిలో కడగొట్టువాడతడే. తక్కిన పెద్ద ప్లేట్లలో అతని పాటలకు అప్పుడప్పుడు చోటు దొరకుచుండెను గాని, మొదటి 16 సింగిళ్లలోని 32 పాటలలో అతడు కట్టినది ఒక్కటియు లేదు. అన్నియు లెన్నన్, మెకార్ట్నీలవే. 1968 జనవరిలో హారిసన్ బొంబాయికి వచ్చి, మన దేశపు విద్వాంసులచేత వేణువు, సరోదు, పఖవాజు మున్నగు వాద్యములను వాయింపజేసి ఒక పాటకు సంగీతము సమకూర్చెను. అదియే ‘ది ఇన్నర్ లైట్’. మార్చి 15వ తేదీని 17వ సింగిలైన ‘లేడీ మడోన్నా’ వెనుక వైపున అది వెలువడెను. 1969 మే నెలలో అతని మరియొక పాటకు మరల వెనుక వైపే దొరకెను. అదే యేట అక్టోబరులోగాని అతని ‘సమ్‌థింగ్’ ముందు వైపునకు రాలేదు. అప్పటికి ప్రొద్దుపోయినది. 1970 ఏప్రిలులో బృందము చీలినట్లు లోకమునకు తెలిసెను. ఆ నవంబరులో హారిసన్ తన పేర మూడు ప్లేట్ల సంపుటమును వెలువరించెను. అందలి పాటలు కొన్ని వెనుకటి యేండ్లలో చోటు దొరకక నిలిచినవే.

‘లేడీ మడోన్నా’ ప్లేటు మా పెట్టెలో నుండెను. దానిని త్రిప్పి, వెనుక వైపు వేణునాదము వినుచుండగా మాకొక బాలుడు జ్ఞప్తికి వచ్చెను.

పదునైదేండ్ల క్రిందట మేము క్రిస్మసు కార్యక్రమమునకు పాటలు నేర్పుచుండగా, తొమ్మిదవ తరగతి బాలుడొకడు లెక్కల నోటుబుక్కు తెచ్చి, వెనుక పుటలలో తాను వ్రాసిన పాటను చూపెను. మేము దానిని కడవరకు చదువకయే, “ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు చాలవా, నాయనా? పోయి నీ వరుసలో నిలువుము” అంటిమి. శిక్షణ కళాశాలలో బాలుర స్వయంకృషిని గూర్చి వ్యాసము వ్రాసి మెప్పుపొందినవారమే! వాడు మారుమాటాడక వెనుక వరుసలో నిలిచెను. పదవ తరగతి ముగియువరకు అచ్చటనే పాడెను. ఆ నోటుబుక్కును మరల తేలేదు.

వాడిప్పుడు గుంటూరులో ఒక ఎరువుల దుకాణమున పద్దులు వ్రాయుచున్నాడు. గత ఆగస్టులో ఒక వివాహమున కనబడగా, ఆ పాటను వినిపింపుమంటిమి. “ఏ పాటండీ, మాస్టారూ?” అని కొంతసేపు ఆలోచించి, “పల్లవి కూడ జ్ఞాపకము లేదండీ” అని నవ్వెను. ఆ నవ్వులో నిష్ఠూరమేమియు లేదు. అదియే మాకు మిక్కిలి బరువయ్యెను.

బీటిల్సువారి కథకు ఒక కడపటి ప్లేటు కలదు. 1980లో హతుడైన లెన్నన్, అంతకు కొన్ని యేండ్ల ముందు ఇంట పియానోతో పాడి ఒక టేపులో నిలిపిన పాట యుండెను. తక్కిన మువ్వురు 1995లో దానిని పూర్తిచేయబూని, పియానో ధ్వనిలో గొంతు మునిగిపోవుటచే విడిచిరి. 2001లో హారిసనును మరణించెను. పిమ్మట కంప్యూటరు సాయమున ఆ గొంతును వేరుచేయగలిగిరి. 1995లో హారిసన్ వాయించిన గిటారును చేర్చి, 2023 నవంబరు 2వ తేదీని ‘నౌ అండ్ దెన్’ అను పేర వెలువరింపగా, అది బ్రిటనులో ప్రథమ స్థానమందెను. ప్లేటు రెండవ వైపున నుంచినది 1962 నాటి ‘లవ్ మి డు’. మొదటివారిని, కడపటివారిని గూర్చి ప్రభువు పలికిన మాట మాకు తోచెను.

టేపు నిలిచినది గనుక ఆ పాట బ్రదికెను. మా బాలుని నోటుబుక్కు నిలువలేదు. తలాంతును పాతిపెట్టిన దాసుని ఉపమానమును మేము పెక్కుమారులు బోధించితిమి గాని, పాతిపెట్టుమని చెప్పినవాని సంగతి తలపనే లేదు.

గత డిసెంబరులో క్రిస్మసు పాటల పట్టికలో ఒక చోటును, విద్యార్థులు స్వయముగా కట్టిన పాటకై విడిచితిమి. మూడు పాటలు వచ్చెను. ఎనిమిదవ తరగతి బాలిక వ్రాసినదానిలో తాళము తప్పుచుండగా, రెండు సాయంత్రములు ఆమెతో కూర్చుండి సరిచేసితిమి. మాటలు మాత్రము ఆమెవే. కార్యక్రమమున ఆ పాటనే మొదట పాడించితిమి.

ప్రియ విద్యార్థులారా, మీ నోటుబుక్కుల వెనుక పుటలను చింపివేయకుడు, మాయొద్దకు తెండు. ఈ సారి కడవరకు చదివెదము.