వారంలో మిగిలిన ఆరు రోజులు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు పోటీ పరీక్షల గురించి రాద్దామనుకున్నాను. అవి రాసేవాళ్లు నాకంటే సీనియర్లు చాలామంది ఉన్నారు. అందుకని పియానో గురించి రాస్తున్నాను. తమ్ముళ్లు నవ్వుకున్నా ఫరవాలేదు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ని నేనే. ప్రస్తుతం గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్నాను. మెస్ బిల్లు కోసం వారానికి నాలుగు సాయంత్రాలు కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వెళ్లి, ఎనిమిదేళ్ల పాపచేత పియానో ప్రాక్టీస్ చేయిస్తాను. పాఠం చెప్పే మాస్టారు శనివారం ఒక గంట వస్తారు. పాప తల్లిదండ్రులిద్దరూ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. సాయంత్రమైతే వాళ్లకు అమెరికా కాల్స్ మొదలవుతాయి. పాప పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆ మనిషిని నేను.

నిజానికి నా దగ్గర ఒక్క సర్టిఫికెట్ కూడా లేదు. అంతకుముందు ఒక సంగీత శిక్షణ సంస్థలో సహాయకుడి పని అడిగితే, లండన్ ట్రినిటీ గ్రేడ్ ఎంతవరకు పాసయ్యావన్నారు. మా ఊరి చర్చిలో 61 కీల క్యాసియో మీద పాస్టర్ గారబ్బాయిని చూసి నేర్చుకున్నానని చెప్పాను. అక్కడితో మాటలు ఆగిపోయాయి.

తొమ్మిదో తరగతిలో మన హాస్టల్‌కు వచ్చాక ఆ క్యాసియో కూడా సెలవుల్లోనే దొరికేది. అందుకే బిస్కెట్ల అట్టపెట్టె కోసి దాని మీద స్కెచ్ పెన్నుతో కీలు గీసుకున్నాను. స్టడీ అవర్ అయ్యాక దాని మీద వేళ్లు నడిపేవాణ్ని. మా గదిలో అందరూ దానికి 'మూగ పియానో' అని పేరు పెట్టారు. ఒకసారి ఎవరో దాన్ని విసనకర్ర చేసుకున్నారు కూడా.

కొండాపూర్‌లో ఉన్నది 88 కీల డిజిటల్ పియానో. నొక్కితే వేలికి బరువు తెలుస్తుంది. మొదటిరోజు దాన్ని ముట్టుకోవడానికే భయపడ్డాను. అంత మంచి వాయిద్యం ముందు కూర్చుని కూడా పాప ఎందుకు వాయించదని లోపల కోపంగా ఉండేది. చాలాకాలం బాఖ్ రచన అనుకున్న, నిజానికి పెట్‌జోల్డ్ రాసిన మినుయెట్ అప్పుడు నేర్చుకుంటోంది. మధ్యలో ఒకచోట తప్పేది. తప్పినప్పుడల్లా "మళ్లీ మొదటినుంచి" అనేవాణ్ని. ఒకరోజు అలా ఇరవైసార్లు అయింది. పాప చేతులు ఒళ్లో పెట్టుకుని "సార్, నాకు పియానో రాదు" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

తిరుగుబస్సులో కొత్తగూడ చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయినప్పుడు తప్పెక్కడో అర్థమైంది. మొదటి భాగం ఆమెకు వచ్చు. ఇరవైసార్లూ వచ్చినదాన్నే వాయించింది, రానిచోటికి అలసిపోయి చేరుకుంది. నా అట్టముక్క మీద ధ్వని లేదు కాబట్టి పాట వాయించిన ఆనందం దొరికేది కాదు. వేలు ఎక్కడ తడబడుతోందో అక్కడే ఆగేవాణ్ని. మా నాన్న నాకు డప్పు నేర్పినప్పుడూ అంతే. "ఉర్కకు బిడ్డా, ఒక్క దెబ్బ సక్కగ పడ్డంకనే ఇంకో దెబ్బ" అనేవాడు. ఎం.ఏ.కు వచ్చి ఆ మాట మరిచిపోయాను.

మర్నాడు ఒక నోటుపుస్తకం కొన్నాను. సోమవారం తప్పేచోట నాలుగు బార్లు కుడిచేతితో మాత్రమే. మంగళవారం అవే ఎడమచేతితో. బుధవారం రెండు చేతులు కలిపి, మెట్రోనోమ్ 60 మీద పెట్టి. గురువారం వాటికి ముందు రెండు బార్లు కలిపి. నేనుండని శుక్రవారం తాతయ్యకు మొత్తం వాయించి వినిపించాలి. రోజుకు ఇరవై నిమిషాలు, అంతే.

బుధవారం వాళ్లమ్మగారు ఒక కాల్ ముగించి బయటికి వచ్చారు. "మూడు రోజులుగా అదే ముక్క వినిపిస్తోంది. ఎగ్జామ్ రెండు నెలల్లో ఉంది కదండీ" అన్నారు. గొంతులో కోపం లేదు, కానీ ఆ పని పోతే నాకు మెస్ బిల్లు లేదు. "ఒక్క శనివారం దాకా చూడండి మేడమ్" అన్నాను. ఆ శనివారం మాస్టారు పుస్తకంలో నా రాత కింద "ఎడమచేయి నిలబడింది, ఇలాగే సాగించండి" అని రాశారు. పని ఉంది. పాప ఇప్పుడు తప్పినచోట తనే ఆగి "ఇది సోమవారం ముక్క" అంటుంది.

ఈ నోటుపుస్తకం నేను కనిపెట్టిందేమీ కాదు. జర్మనీలో బాఖ్ 1720లో తొమ్మిదేళ్ల కొడుకు కోసం ఒక పుస్తకం మొదలుపెట్టాడు. ఏ స్వరానికి ఏ వేలో అంకెలు వేసి చూపిన చిన్న రచన అందులో ఉంది. అంతటివాడికే వేళ్ల నంబర్లు రాయక తప్పలేదు.

గత సంవత్సరం పూర్వ విద్యార్థులం కొందరం చందాలు వేసుకుని మన హాస్టల్‌కు ఒక పాత కీబోర్డు కొనిచ్చిన సంగతి మీకు తెలుసు. నెలలో రెండో ఆదివారం నేను వస్తున్నాను. మొన్న పద్నాలుగుమంది వచ్చారు, కీబోర్డు ఒక్కటే. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు కూడా రాలేదు. కాబట్టి నేను లేని వారాల కోసం నోటీసు బోర్డు పక్కన కాగితం అంటించాను. ఈ నెలకు సి మేజర్ స్కేలు ఒక్కటే, మన శంకరాభరణం స్వరాలే. కుడిచేతికి బొటనవేలు 1 అనుకుంటే 1 2 3, తర్వాత బొటనవేలు కిందినుంచి దూర్చి 1 2 3 4 5. ఆ దూర్చే చోటే అందరికీ తడబడుతుంది. వారమంతా 3 నుంచి 1కి మారడమే చేయండి, మొత్తం స్కేలు శనివారం వాయించండి.

కీబోర్డు దొరకనివాళ్లు అట్టముక్క మీద గీసుకోండి. తెల్ల కీ వెడల్పు సుమారు 2.3 సెంటీమీటర్లు. నల్లవి రెండు, మూడు, రెండు, మూడు చొప్పున గుంపులుగా వస్తాయి, అది తప్పకూడదు. వచ్చే రెండో ఆదివారం ఉదయం టిఫిన్ కాగానే మొదలుపెడదాం. గోళ్లు కత్తిరించుకుని రండి.