విమానములో మా చిన్నవాని భోజనము

క్రిందటి వేసవిలో లండనునందున్న మా చెల్లెలిని చూచుటకై మేమును మావారును ఎనిమిదేండ్ల మా చిన్నవానితో శంషాబాదు విమానాశ్రయమునుండి బయలుదేరితిమి. వానికి వేరుసెనగ గిట్టదు. ఒక్క పలుకు నోటబడినను దద్దురులు లేచి, పెదవులు వాచి, గొంతు మూసికొనిపోవును. దేహము ఆ గింజలోని మాంసకృత్తులను శత్రువులుగా భ్రమించుటచే కలుగు ఉపద్రవమిది. నేలమీద నున్నచో వైద్యునికడకు పరుగిడవచ్చును. ఆకాశమధ్యమున నెక్కడికి పోగలము?

2016వ సంవత్సరమున లండనునుండి ఫ్రాన్సునకు పోవు విమానములో పదునైదేండ్ల బాలికకు, విమానాశ్రయమున కొని తినిన రొట్టెలోని నువ్వులు గిట్టక ప్రాణాపాయము కలిగెను. ఆనాడే యామె మరణించెను. నువ్వులున్నట్లు పొట్లముమీద వ్రాసియుండలేదు. దుకాణముననే చేసి ముందుగా కట్టియుంచిన తినుబండారములపై అందలి వస్తువులన్నియు వ్రాయవలెనని 2021లో అచ్చట శాసనము వచ్చినది.

టిక్కెట్టు కొన్ననాడే మేము సంగతి తెలిపితిమి. ఇతర ప్రయాణికులు వేరుసెనగ తెచ్చుకొనకుండ జూచెదమని మాట ఈయలేమని వారు చెప్పిరి. అందుచే పల్లీలు వేయని పులిహోర ఇంటనే కలిపి తీసికొనిపోతిమి. ఆడ్రినలిన్ సూదులు రెండును, వైద్యుని చీటియు చేతిసంచిలోనే యుంచుకొంటిమి. కూర్చుండగనే పరిచారికకు మరల చెప్పి, తడిరుమాలుతో భోజనపుబల్లను, చేతులానించు కొయ్యలను తుడిచితిమి. గాలిలో వచ్చు వాసనకంటె, అంటిన పొడి చేతినుండి నోటికి చేరుటయే యెక్కువ అపాయకరము. చేతులకు రాచుకొను జెల్లు దానిని పోగొట్టజాలదు. సబ్బునీరో తడిరుమాలో కావలెను.

మా ప్రక్కవరుసలో గుంటూరు వైపు పెద్దామె యొకరుండిరి. ఆమె పొట్లము విప్పి, “తీసికో నాయనా, ఇంట చేసినది” అని వేరుసెనగ ఉండ నొకటి చాచిరి. వాడు చేతులు వెనుకకు దాచుకొనెను. “వలదు పిన్నిగారూ” అంటిమి. ఆమె ముఖము చిన్నబోయినది. “మా చేతిది తినరా అమ్మా?” అనిరి. సిగ్గుచే మాకు తల వంగిపోయినది. సంగతి చెప్పితిమి.

ఆమె మాటాడక పొట్లము కట్టి సంచిలో పెట్టి, లేచిపోయి సబ్బుతో చేతులు కడిగికొని వచ్చిరి. “ఇప్పుడు నీ ప్రక్కన కూర్చుండవచ్చునా నాయనా?” అని వానినే యడిగిరి. మావారు లేచి చోటిచ్చిరి. వాడు నిద్రపోవువరకు ఆమె కథలు చెప్పుచుండిరి.

సోదరీమణులారా, కొసరి కొసరి పెట్టుటయే ఆదరణమని నేర్చి పెరిగినవారము మనము. పెట్టుటకు ముందు “బిడ్డకు గిట్టనిదేమైన కలదా?” అని తల్లిని అడుగుటయు నా ఆదరణములోనిదే యని ఆమెవలన మేము తెలిసికొంటిమి.