వంకాయ నిర్దోషి

నేను ముప్ఫై ఒక్క సంవత్సరం హైస్కూల్లో లెక్కలు చెప్పాను. అందులో చివరి నాలుగైదు సంవత్సరాలూ ఒక అబద్ధం ఆడుతూ వచ్చాను. ముదురురంగు చీర కట్టుకున్న రోజున భుజాలమీదా, ఒళ్ళోనూ తెల్లగా పొట్టు కనిపించి ముందు బెంచీ పిల్లలు అటే చూస్తూంటే, “చాక్‌పీసు పొడే! నన్నేం చూస్తారు, బోర్డు చూడండి” అనేదాన్ని. లెక్కల పంతులమ్మకు చాక్‌పీసు పొడి ఒక నగలాంటిది కనక ఎవరికీ అనుమానం కలగలేదు. అది నా తలలోంచీ మోచేతులమీదనుంచీ రాలే పొట్టు అని మా అత్తగారికి మాత్రం తెలుసు. పొద్దున్నే నా దుప్పటి దులిపేది ఆవిడే మరి.

2014లో దానికి సోరియాసిస్ అని పేరు పెట్టారు. అది అంటుకునే జబ్బు కాదు. ఒంటిని కాపాడవలసిన రక్షణబలం దారి తప్పి సొంత ఇంటిమీదే పడుతుందట. చర్మం పొర మారటానికి మామూలుగా నెలరోజులు పడుతుంది. అది కొద్దిరోజుల్లోనే తోసుకు వచ్చేసి పొలుసుగా రాలిపోతుంది. సరే, రాలితే రాలిందిలే అని సరిపెట్టుకున్నాను. 2016లో కీళ్ళు పట్టుకున్నాయి. కుడికాలి రెండోవేలు మొదలునుంచి చివరిదాకా దొండపండులా ఎర్రగా వాచింది. మడమ నేలమీద ఆన్చలేను. పొద్దున్న లేచాక గంటన్నరదాకా చెయ్యి చెయ్యి కాదు, జడకుచ్చు. మామూలు కీళ్ళవాతానికి చేసే రక్తపరీక్షలో ఏమీ కనబడకపోతే, వయస్సు అన్నారు ఒకచోట. చివరికి కీళ్ళజబ్బుల డాక్టరుగారొకాయన నా రిపోర్టులన్నీ పక్కకు నెట్టి ముందు చేతిగోళ్ళు చూశారు. గుండుసూదితో పొడిచినట్టు వాటినిండా సన్నటి గుంటలు. “సోరియాసిస్‌వాళ్ళలో కొందరికి కీళ్ళదాకా వస్తుందమ్మా” అని మెథోట్రెక్సేట్ రాశారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలమీదికి వస్తుందని నాచేత మూడుసార్లు అప్పజెప్పించుకున్నారు. ఆదివారం అది, తరవాత ఫోలిక్ ఆసిడ్ బిళ్ళ.

ఇక్కడ ఒక్కమాట చెప్పకుండా ముందుకు పోలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపించారు. ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసిందీ, దాన్ని ఎదిరించే మందుల్ని తయారుచేసిందీ ఆయన చేతికింది బృందమే. పసిపిల్లల రక్తపు క్యాన్సరుకు వాడిన మందుల వంశం అది. ఆయన 1948లో పోయారు. 1951లో అమెరికా డాక్టర్లు ఆ వంశపు మందు కీళ్ళవాతానికీ, సోరియాసిస్‌కూ కూడా పనిచేస్తోందని ప్రకటించారు. నా రెండు బిళ్ళలూ మన భీమవరం ఆయన ఇంటివే అని తెలిసినప్పుడు మా అత్తగారు, “అయితే ధైర్యంగా వేసుకోవచ్చు” అన్నారు. నేను ఆ ధైర్యం కూడా నిలుపుకోలేకపోయాను. ఆ కథే చెప్పబోతున్నాను.

జబ్బు బయటపడ్డాక మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ పోతూ పోతూ ఒక కూర పట్టుకుపోవటం మొదలుపెట్టారు. వంకాయ దురద అని మా పెద్దాడపడుచు పట్టుకుపోయింది. గోంగూర వేడి అని పిన్నత్తగారు. బంగాళాదుంప వాతమట, చింతపండు కీళ్ళు తినేస్తుందట, రాత్రిపూట పెరుగు పనికిరాదట. రిటైరయ్యేనాటికి నా విస్తట్లో బీరకాయా, నేనూ మిగిలాం. అయినా నొప్పి దాని దోవన అది వస్తూ పోతూనే ఉంది.

2019లో మా అమ్మాయి హైదరాబాదునుంచి ఫోను చేసి, “అమ్మా, ఒక్కొక్కళ్ళ మాట విని ఒక్కొక్కటీ మానేసే బదులు, అనుమానం ఉన్నవన్నీ ఒకేసారి మానేసి, తరవాత ఒక్కొక్కటే తిని చూసే పద్ధతి ఒకటుంది” అంది. కాలిఫోర్నియాలో ఆల్బర్ట్ రో అనే డాక్టరు 1920లలోనే ఎలర్జీలకోసం ఈ పద్ధతి పెట్టాడట. మా డాక్టరుగారు వద్దనలేదు. “చాలామందికి ఏమీ తేలదమ్మా. కొద్దిమందికి తేలుతుంది. మూడు, నాలుగు వారాలే చెయ్యండి, మందు మాత్రం ఆపకండి. తీసెయ్యటం పరీక్ష కాదు, తిరిగి పెట్టటమే పరీక్ష” అన్నారు. మా అత్తగారు ఇది విని పెదవి విరిచారు. “ఇందులో కొత్తేముంది? ముగ్గురు బాలింతలకు చేశాను నేను. పథ్యం పెట్టటం ఎవరైనా పెడతారు. విడిపించటంలో ఉంది నేర్పు” అన్నారు.

ఆ మర్నాడే గోధుమలు, పాలు, పెరుగు, వేరుసెనగ, సోయా, వంకాయ, టమాటా, బంగాళాదుంప, మిరపకాయ ఇంట్లోంచి సెలవు పుచ్చుకున్నాయి. ఆ చివరి నాలుగూ ఒక్క కుటుంబపువే. మిరపకాయ లేని వంట ఎలాగా అని నేను బెంగపెట్టుకున్నాను గాని, మిరప మన దేశానికి అమెరికానుంచి పోర్చుగీసువాళ్ళ వెనకాల వచ్చిందే కదా, అంతకుముందు మనవాళ్ళు మిరియాలతోనే గడిపారు. అన్నం, పెసరపప్పు, ఆనపకాయ, పొట్లకాయ, కంద, మిరియాల చారు, తవుడు నూనె. మా వారు రెండు రోజులు నాతోపాటు తిని, మూడోరోజున సంఘసేవ పేరుచెప్పి బజారుకు వెళ్ళి రెండు పెసరట్లు తిని వచ్చారు. అల్లప్పచ్చడి మరక చొక్కామీద సాక్ష్యం చెప్పింది.

నేను లెక్కలదాన్ని కనక గ్రాఫు కాగితం పెట్టాను. పొద్దున్న లేచాక చేతులు స్వాధీనమవటానికి ఎన్ని నిమిషాలు, పిడికిలి బిగుస్తుందా లేదా, ఎన్ని కీళ్ళు నొప్పి. మూడోవారంలో గంటన్నర కాస్తా పాతిక నిమిషాలయింది. ఒకరోజు తెల్లవారుజామున పక్కమీదే కూచుని పిడికిలి బిగించాను. బిగిసింది. దీపం వెయ్యకుండా చీకట్లో పది పదిహేనుసార్లు బిగించి విప్పి చూసుకున్నాను.

అక్కడితో ఒక్కొక్కటీ తిరిగి మొదలెట్టాలి. మొదలెట్టలేదు. ఉన్నమాట చెప్పాలంటే నాకు గర్వం వచ్చింది. అసలు జబ్బు తిండిదేనని తేల్చేశాను. ఆదివారం బిళ్ళ వేసుకుంటే సోమవారమంతా కడుపులో తిప్పుతుంది. లివరుకు ఏమవుతుందోనన్న భయం ఒకటి. ఎవరికీ చెప్పకుండా బిళ్ళలు మానేసి, ఆ అట్టలు బీరువాలో పట్టుచీర మడతలో దాచాను. వారం గడిచింది, రెండు గడిచాయి, ఆరు గడిచాయి. గ్రాఫు గీత చెరువు నీళ్ళలా నిలిచే ఉంది. చూశారా, మందు అక్కర్లేదని నిరూపించానని లోలోపల పొంగిపోయాను. ఒక పెళ్ళిలో నలుగుర్ని కూచోబెట్టి ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఎవరైనా ఆ మాట నమ్మి మందు మానేశారేమోనని ఇప్పటికీ ఉలిక్కిపడుతూంటాను. ఇంతలో ఆరుకిలోలు బరువు తగ్గాను, జుట్టు చేతికి వచ్చేస్తోంది. దాన్ని కూడా ఆరోగ్యమే అనుకున్నాను!

తొమ్మిదోవారంలో కుడిచేతి చూపుడువేలు చివరి కణుపు నిప్పులా కాలుతూ వాచింది. మోచేతి మచ్చలు భుజందాకా పాకాయి. అప్పుడైనా చెప్పానా? ఏదో తినకూడనిది తిన్నానని పప్పు కూడా మానేశాను. ఇంకో నెల అలాగే లాగించాను.

పట్టుచీరల్లో వేపాకు పెడదామని మా అత్తగారు బీరువా తీశారు. ఆవిడ నన్ను కేకెయ్యలేదు, కొడుక్కి చెప్పలేదు. ఆ రాత్రి కంచం పక్కన మంచినీళ్ళ గ్లాసూ, దానిమీద ఆ అట్టలూ పెట్టి వెళ్ళి పడుకున్నారు. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను తిట్టిన రోజులు చాలా ఉన్నాయిగాని, ఆ రాత్రి తిట్టినంత గట్టిగా ఎన్నడూ తిట్టలేదు.

ఎక్స్‌రేలో ఆ కణుపు దగ్గర ఎముక ఎలుక కొరికినట్టుంది. “ఇది మళ్ళీ పూడదమ్మా” అన్నారు డాక్టరుగారు. ఈ మందు పని మొదలుపెట్టటానికి వారాలు పడుతుంది, మానేశాక దాని పని తగ్గటానికీ వారాలు పడుతుంది. నేను పథ్యం ఖాతాలో వేసిన ఆ ఆరువారాలూ పాత బిళ్ళల పుణ్యమే కావచ్చునన్నారు. రెండు మార్పులు ఒకేసారి చేసి ఫలితం ఒకదానికి రాసుకోవటం! ఎనిమిదో తరగతి పిల్లాడు ఆ తప్పు చేస్తే బెంచీ ఎక్కించేదాన్ని.

మళ్ళీ బిళ్ళలు మొదలయ్యాయి. కాస్త కుదుటపడేసరికి 2020 మార్చి వచ్చింది, లాక్‌డౌను వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, హోటళ్ళు లేవు, కూరలు పట్టుకుపోయే చుట్టాలు లేరు. ఇలాంటి పరీక్షకు అంతకంటె మంచి కాలం దొరకదు. మూడువారాలు మళ్ళీ పథ్యం, మందు యథాప్రకారం. తరవాత ఒక్కొక్క వస్తువూ మూడురోజులు తినటం, కొన్నాళ్ళు ఆగి చూడటం.

మొదట వంకాయే పెట్టాలని మా అత్తగారు పట్టుబట్టారు. అల్లం, కొత్తిమీర, పచ్చిమిరపకాయ బదులు మిరియం. మొదటిరోజు ఒక ముక్క, రెండోరోజు గరిటెడు, మూడోరోజు నోరారా. గ్రాఫు గీత కదల్లేదు. నాలుగేళ్ళుగా మా ఇంట నేరస్థుడిగా నిలబడ్డ వంకాయ నిర్దోషి అని తేలింది. “పాపం” అన్నారు మా అత్తగారు, మనిషిని అన్నట్టే. టమాటా, బంగాళాదుంప, మిరపకాయ వరసగా విడుదలయ్యాయి.

గోధుమ దగ్గర గొడవ వచ్చింది. చపాతీలు తిన్న రెండోరోజున మణికట్టు పట్టేసింది. దొరికింది దొంగ అనుకున్నాను. కాని ఆ ముందురోజునే మూడు దుప్పట్లు చేత్తో ఉతికి పిండిన సంగతి పుస్తకంలో నేనే రాసుకున్నాను! తరవాత రెండుసార్లు తిని చూశాను, ఏమీ లేదు. ఆ మొదటిసారితో ఆపేసి ఉంటే ఈపాటికి గోధుమకు యావజ్జీవం పడి ఉండేది.

ఇక పాలు. అక్కడ గీత లేచింది. పాతిక నిమిషాలు గంటంపావు అయింది. మళ్ళీ చూస్తే మళ్ళీ అంతే. కాని ఈసారి నన్ను నేను నమ్మదలచుకోలేదు. 1986లో అమెరికాలో పానుష్ అనే డాక్టరు, పాలు తాగితే కీళ్ళు వాస్తున్నాయన్న ఒక ఆవిడకు ఎప్పుడు ఏది ఇస్తున్నదీ తెలియకుండా గొట్టం బిళ్ళల్లో పెట్టి ఇచ్చి పరీక్షించాడు. నిజంగానే పాలకే వచ్చిందట. 1991లో నార్వేలో కీళ్ళవాతం ఉన్న 53 మందిలో సగంమందిచేత ఉపవాసంతో మొదలుపెట్టించి ఏడాదిపాటు శాకాహార పథ్యం చేయిస్తే, పథ్యం చేసినవాళ్ళకు మేలుగానే ఉందన్నారు. అయితే ఎవరేం తింటున్నదీ వాళ్ళకు తెలుసు కదా. తెలియకుండా పెట్టేవాళ్ళు కావాలి నాకు.

“నాకు వదిలెయ్యి” అన్నారు మా అత్తగారు. రాగిజావలో బెల్లం, శొంఠి, ఏలకులు దట్టించి, ఆరు విడతలు. మూడు విడతల్లో పాలు, మూడింట్లో కొబ్బరిపాలు. ఏది ఎప్పుడో ఆవిడ ఇష్టం. విడతకు రెండేసి రోజులు, మధ్య నాలుగేసి రోజుల ఎడం. పంచాంగంలో పసుపుచుక్కలు పెట్టుకుని దాన్ని తన పెట్టెలో పెట్టి తాళం వేసుకునేవారు. వంటింట్లోకి నన్ను రానిచ్చేవారు కాదు. ఆవిడ మొహంలో ఏమైనా తెలుస్తుందేమోనని చూస్తే, ఏమీ తెలియనివ్వకుండా గోవిందనామాలు అందుకునేవారు. మా వారికి ఇంట్లో ఏం జరుగుతోందో ఆఖరుదాకా అర్థం కాలేదు.

ముప్ఫై ఆరు రోజులయ్యాక నా జవాబు కాగితమ్మీద రాశాను. రెండు, మూడు, ఆరు పాలు. ఆవిడ పంచాంగం తీశారు. రెండు, మూడు, ఆరు. ఊరికే ఊహించి ఆ మూడూ సరిగ్గా చెప్పే అవకాశం ఇరవైలో ఒక్కటి. అంటే కొట్టిపారేసేదీ కాదు, ఉరిశిక్ష వేసేదీ కాదు. చర్మంలో మాత్రం పాలు తాగినా మానినా ఇసుమంత తేడా కనబడలేదు. “మీ వరకూ పాలు మానెయ్యండి. రాగులు, నువ్వులు, మునగాకు తినండి, ఎముకలకు కావాలి. బిళ్ళ మాత్రం ఉంటుంది” అన్నారు డాక్టరుగారు. రెండేళ్ళు నిలకడగా ఉన్నాక దాని మోతాదు కొంచెం తగ్గించారు.

ఇది తెలిసి ఇప్పటికీ కొందరు ఫోను చేసి ఆ జాబితా పంపమంటారు. జాబితా లేదండీ, పాలు నాకు పడలేదు, మీకు వంకాయే పడదేమో, ఏదీ కాదేమో, మీ డాక్టరుగారితో చెప్పి చూసుకోండి అంటే, దాస్తున్నాననుకుని పెట్టేస్తారు.

చూపుడువేలు చివర పక్కకు ఒరిగే ఉండిపోయింది. పోయినేడు బ్యాంకులో సంతకం కలవటం లేదన్నాడు గుమాస్తా అబ్బాయి. కొత్త ఫారం నింపుతూంటే, “రాత మారిందేమండీ మేడమ్?” అన్నాడు. నా దగ్గర లెక్కలు చదువుకున్నవాడే. “చాక్‌పీసు పట్టుకుని పట్టుకుని” అందామని నోటిదాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగి, జరిగింది చెప్పాను. వాడు లేచి కుర్చీ తెచ్చి వేశాడు.

అన్నింట్లోకీ పెరుగన్నమే కష్టమయింది. చారన్నంతో లేస్తే భోంచేసినట్టే ఉండేది కాదు. మా అత్తగారికిప్పుడు ఎనభై ఏడేళ్ళు. నేను పెరుగు మానేసిన నాటినుంచి ఆవిడ కూడా చారుతోనే లేస్తున్నారు. “నాకు దగ్గు” అంటారు అడిగితే. మొన్న ఆదివారం మధ్యాహ్నం కునుకు పట్టక లేచి వంటింటి వేపు వెళ్ళాను. పీటమీద కూచుని, గిన్నెలో మీగడపెరుగు, ఆవకాయబద్ద. నన్ను చూసి గిన్నెమీద కొంగు కప్పారు.

“దగ్గు తగ్గిందా అత్తయ్యగారూ?” అన్నాను.

“నీ బిళ్ళ వేసుకున్నావా లేదా, ముందది చెప్పు” అన్నారు.